ఒక సర్వర్, రెండు సబ్‌నెట్‌లు

అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మారింది) మిన్నీ బే అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒకే భవనంలో రెండు ఆఫీసులు ఉన్నాయనుకుందాం. కింద జమాఖర్చుల విభాగం, పైన ఇంజనీరింగ్ విభాగం. రెండింటికీ అవసరమైన ఫైళ్లను ఎక్కడ దాచాలి?

చెన్నై నుండి వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేవరకూ ఈ దీవులకు బయటి ప్రపంచంతో ప్రధాన సంబంధం ఉపగ్రహమే. ఆ రోజులలో సర్వర్ చెన్నైలో ఉంటే ఏమయ్యేదో లెక్క వేయండి. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెళ్లి కిందికి రావాలి, జవాబు కూడా అంతే. మొత్తం 1,44,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో పోయినా దాదాపు అర సెకను! ఫైళ్ల పని అంటే చిన్న చిన్న ప్రశ్నలు, జవాబులు. అవి వరుసగా వెయ్యి జరిగితే ఎనిమిది నిమిషాలు గడిచిపోతాయి. అదే భవనంలోని సర్వర్‌తోనైతే ఒక సెకను చాలు. కేబుల్ వచ్చాక పరిస్థితి ఎంతో మెరుగైంది గాని, మేడ మీదికి పంపాల్సిన కాగితాన్ని సముద్రం దాటించడం ఇప్పటికీ అనవసరమే.

కనుక సర్వర్ భవనంలోనే ఉండాలి. అయితే రెండు ఆఫీసులూ రెండు సబ్‌నెట్‌లలో ఉన్నాయి. సబ్‌నెట్ అంటే ఏమిటి? పెద్ద నెట్‌వర్క్‌లో ఒక పేట అనుకోండి. కింది కంప్యూటర్ల చిరునామాలు 192.168.10తోను, పైవి 192.168.20తోను మొదలవుతాయి. వీటికి తోడుగా ఉండే 255.255.255.0 అనే సంఖ్యను మాస్క్ అంటారు. చిరునామాలో ఎంత భాగం పేట పేరో, ఎంత భాగం ఇంటి నంబరో ఈ మాస్క్ చెబుతుంది. అవతలి కంప్యూటర్ తన పేటలోనిదే అయితే నేరుగా "ఈ చిరునామా ఎవరిది?" అని కేకవేస్తుంది. కాకపోతే ఉత్తరాన్ని రూటర్‌కు అప్పగిస్తుంది. ఆ కేక రూటర్ దాటదు. పై అంతస్తులోని సర్వర్ పేరు కింది కంప్యూటర్ల జాబితాలో తరచు కనబడకపోవడానికి కారణం ఇదే. అప్పుడు పేరుకు బదులు చిరునామాతో పిలవాలి, లేదా పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌లో సర్వర్‌ను నమోదు చేయాలి.

మంచి రూటర్ ఉంటే సర్వర్‌ను ఒక పేటలో ఉంచి, రెండో పేటవారిని రూటర్ మీదుగా రానివ్వడం ఒక పద్ధతి. లేకుంటే సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టి, ఒకదానికి 192.168.10.5, మరొకదానికి 192.168.20.5 ఇవ్వవచ్చు. చిన్న ఆఫీసుకు నేను రెండోదే సూచిస్తాను. ఫైళ్ల రద్దీ రూటర్ మీద పడదు.

ఇక్కడ మాస్క్‌ను 255.255.0.0 అని రాశారా, చిక్కే! రెండు కార్డులూ 192.168.0.0 అనే ఒకే పేటలో ఉన్నాయని సర్వర్ భ్రమపడుతుంది. పైవారికి ఇవ్వవలసిన జవాబును కింది కార్డు గుండా పంపవచ్చు. ఒక ఆఫీసులో అన్నీ పనిచేస్తూ రెండో ఆఫీసులో ఏమీ తెరుచుకోకపోతే, కేబుల్ పీకకముందు మాస్క్ చూడండి. బయటికి దారిచూపే డిఫాల్ట్ గేట్‌వేను కూడా ఒక్క కార్డుకే ఇవ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఐపీ ఫార్వర్డింగ్. దీనిని ఆన్ చేస్తే సర్వర్ తానే రూటరై, రెండు పేటల మధ్య తలుపు తెరుస్తుంది. ఇది ఆపి ఉంచాలి. ఎందుకంటే, 2017 మే 12న బయటపడిన వానాక్రై పురుగు ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతిలోని లోపాన్ని పట్టుకొని, 445వ పోర్ట్ గుండా కంప్యూటర్ నుండి కంప్యూటర్‌కు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది. వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

తలుపు మూసినా సర్వర్ రెండు పేటలనూ తాకుతూనే ఉంటుంది గదా! అదే జబ్బుపడితే? అందుకని పాత ఎస్ఎంబీ ఒకటవ రూపాన్ని తీసివేయాలి. లైనక్స్ మీద సాంబా వాడేవారు (ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1991-92లో ప్రారంభించిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది) ఏ కార్డుల మీద పలకాలో, ఏ చిరునామాలను రానివ్వాలో దాని సెట్టింగ్ ఫైల్‌లోనే రాయవచ్చు. జమాఖర్చుల ఫోల్డర్‌ను ఇంజనీర్లు చదవగలిగితే చాలు, రాసే హక్కు ఇవ్వనక్కరలేదు. ఫైళ్ల నకలు ఒకటి సర్వర్ నుండి విడదీసిన డిస్కులో, వీలైతే వేరే భవనంలో ఉంచాలి.