గిఫ్టు కాని గిఫ్టు

“అక్కా, పార్సిల్ మీద గిఫ్టని రాయి. వెల పన్నెండు వందలు వెయ్యి, చాలు. ఇక్కడ అందరూ గట్లనే తెప్పించుకుంటరు, ఏం కాదు!”

2023 దసరాకు ముందు మా చిన్నాయన కూతురు న్యూజెర్సీ నుంచి ఫోన్‌లో అన్న మాట ఇది. మాది నారాయణపేట. నేతవాళ్ల దగ్గర చీరలు తెచ్చి ఇంట్లోనే అమ్ముతాను. అడిగినవాళ్లకు పై ఊళ్లకూ పంపుతాను. మా చెల్లెలు తన స్నేహితురాళ్ల కోసం ఆరు చీరలు అడిగింది. ఒక్కొక్కటి 3,500 రూపాయలు, మొత్తం 21,000. డబ్బు ముందే పంపింది. అంటే అది అమ్మకమే, గిఫ్టు కాదు. ఆ సంగతి నాకు తెలియక కాదు.

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. చీరలు నేసిన అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. డిక్లరేషన్ ఫారం ఆ పిల్లే నింపింది. రాస్తూ రాస్తూ పెన్ను ఆపేసింది.

“అత్తమ్మా, పైసలు తీసుకున్నరు కద, మరి గిఫ్టెట్లయితది? ఆరు చీరలు కలిపి పన్నెండు వందలంటే, మా అమ్మ చీర రెండు వందలేనా?”

నవ్వేసి, “నీకెందుకమ్మా, రాయి” అన్నాను. తలుపు దగ్గర వాళ్లమ్మ నిలబడి ఉంది. ఏమీ అనలేదు. చీరలు పెట్టెలో సర్ది వెళ్లిపోయింది. కింద సంతకం మాత్రం నాదే.

ఆ పెట్టె చేరలేదు. ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. నెలన్నర తిరిగాక పార్సిల్ వాళ్లు, “మీరు రాసిన వెల ఎంతో అంతే ఇస్తాం” అని పన్నెండు వందలు చేతిలో పెట్టారు. చీరలు 21,000వి అని నేనెలా వాదించను? నా సంతకమే నా నోరు కట్టేసింది. చెల్లెలి డబ్బు తిరిగి ఇవ్వాలి కదా! చిట్టీ పాడి ఇచ్చాను. నాకు పోయింది 19,800 రూపాయలు.

ఇంతకూ ఆ అబద్ధం వల్ల మిగిలిందేమిటి? తర్వాత తెలుసుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పట్లో అమెరికాలో ఒక మనిషికి ఒక రోజులో వచ్చే సరుకు 800 డాలర్ల లోపు ఉంటే సుంకమే లేదు. మా చీరలు సుమారు 250 డాలర్లు. నిజం రాసినా ఒక్క డాలరు కట్టే పని లేదు! ఎవరో చెప్పారని చెల్లెలు, చెల్లెలు చెప్పిందని నేను. ఎవరం నిబంధన చూడలేదు.

నిజానికి ఖరీదు వచ్చాక...

2025 ఆగస్టు 29 నుంచి కథ మారింది. ఆ 800 డాలర్ల వెసులుబాటును అమెరికా అన్ని దేశాలకూ ఎత్తేసింది. నిజమైన బహుమతికి మాత్రం 100 డాలర్ల వరకు మినహాయింపు ఉంచింది. కొన్ని వారాలు మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. అంటే ఇంతకుముందు ఉత్తినే ఆడిన అబద్ధానికి ఇప్పుడు లాభం వచ్చింది. అసలు పరీక్ష ఇదే.

సంక్రాంతికి చెల్లెలు మళ్లీ ఆరు చీరలు అడిగింది. “ఈసారన్నా గిఫ్టని రాయక్కా, సుంకం పడ్తది” అంది. “సుంకం ఎంతో కనుక్కొని చెప్తా. వెల మాత్రం ఉన్నదే రాస్తా” అన్నాను. రెండు రోజులు ఫోన్ లేదు. తర్వాత రెండు చీరలకే డబ్బు పంపింది. నాలుగు చీరల బేరం పోయింది. బాధ లేదంటే అదీ అబద్ధమే అవుతుంది.

“అమెరికావాళ్ల పన్ను ఎగ్గొడితే మనకేం పాపం?” అని మా వీధిలోనే అడిగినవాళ్లున్నారు. పన్ను ఎవరిదైనా సంతకం నాది. పైగా ఆ కాగితం మీద తగ్గించేది సుంకం ఒక్కటే కాదు. మా దగ్గర మగ్గానికి ఒకసారి పడుగు ఎక్కిస్తే ఎనిమిది చీరలు దిగడం ఆనవాయితీ. ఆ గళ్లు, ఆ గుడి అంచు చూసి ఇది నారాయణపేట చీర అని ఎవరైనా గుర్తుపడతారు. 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత పేరున్న చీర మీద మన చేత్తోనే “రెండు వందలు” అని రాసి, మళ్లీ నేతకు గిట్టుబాటు ధర రావడం లేదని మనమే అంటే ఎట్లా?

మన ఇంటికి వచ్చేవీ అంతే

ఇది పంపేవాళ్ల సంగతే కాదు. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపే పార్సిళ్లకూ వర్తిస్తుంది. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు గిఫ్టులకు మన దేశంలో సుంకం ఉండేది కాదు. 2019 డిసెంబరులో ఆ వెసులుబాటు తీసేశారు. రాఖీలకు, ప్రాణం నిలిపే మందులకు మాత్రం ఉంచారు. 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం తప్పు వివరాలు రాసిన సరుకును జప్తు చేయొచ్చు, జరిమానా వేయొచ్చు. “గిఫ్టని రాసి పంపురా” అని పిల్లలకు చెప్పేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నాలాగా ఇంటి నుంచి అమ్మే ఆడవాళ్లకు దారి లేకపోలేదు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లోనే ఎగుమతి దిగుమతి కోడ్ తీసుకోవచ్చు. చిన్న వ్యాపారులు తపాలా ద్వారా ఎగుమతి చేసుకునేందుకు 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టారు. కాగితాల పనిలో అక్కడ సాయం చేస్తారు. బేరం కుదిరేటప్పుడే “చీర వెల ఇంత, మీ దేశంలో సుంకం మీది” అని చెప్పేస్తే తర్వాత మాట పడనక్కర్లేదు. నిబంధనలు తరచూ మారుతున్నాయి కనుక పంపే ముందు ప్రతిసారీ కనుక్కోవాలి.

మొన్న ఆ రెండు చీరల ఫారం కూడా ఆ పిల్లే నింపింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. వెల రాసే గడి దగ్గర ఆగి నా వైపు చూసింది.

“ఎంతకు అమ్మితే అంత రాయి” అన్నాను.

ఏడు వేలు అని రాసింది. ఆ అంకె వాళ్లమ్మకు చూపించి, ఫారం నాకిచ్చింది సంతకానికి.