కంటతడి పెట్టించు కథలు: చూచువారి తీర్పు

ఇంటిల్లిపాదియు కూర్చుండి టెలివిజనులో ఒక కథను చూచుచున్నారనుకొందము. తల్లి పోయిన ఇల్లు, చిన్న పిల్లలు, మాట మరచిన తండ్రి, ఆ యింటికి క్రొత్తగా వచ్చిన ఒక స్త్రీ. కథ సగమునకు వచ్చుసరికి అవ్వ చెంగుతో కన్నులొత్తుకొనును. కళాశాలలో చదువు మనుమడు "ఇదంతయు మనలను ఏడిపించుటకు పన్నిన పన్నుగడయే" అని పెదవి విరుచును. ఇంటి యజమాని మాత్రము ఏమియు అనడు. మంచినీళ్ల నెపముతో లేచి వంటింటిలోనికి పోవును. కథ ముగియువరకు మరల రాడు. మరునాడు ఎవరైన "రాత్రి చిత్రమెట్లున్నది?" అని అడిగినచో అవ్వ "ఎంత బాగున్నదో!" అనును. మనుమడు "ఏమున్నది, అంతయు ముందే తెలిసిన కథ" అనును. మూడవ అభిప్రాయమును ఎవరును అడుగరు.

ఈ అభిప్రాయములు ఎట్లు పుట్టుచున్నవో, వానిలో ఏది ఎంతవరకు నిజమో విచారింతము. విచారణకు ఊహామాత్రమైన మాటలు చాలవు గనుక ఒక చిత్రమును దృష్టాంతముగా గైకొందము.

అమెరికాలో సినిమా శాలల కొరకు గాక, కేవలము టెలివిజను కొరకే నిర్మింపబడు చిత్రములు ఒక ప్రత్యేకమైన జాతి. వానిలో కుటుంబ కథలకు పేరుపొందినది హాల్‌మార్క్ సంస్థ. 1910లో జాయిస్ హాల్ అను పదునెనిమిదేండ్ల యువకుడు చిత్రములు గల పోస్టుకార్డులను జోళ్ల పెట్టెలలో నింపుకొని కాన్సాస్ నగరమునకు వచ్చి వ్యాపారమునకు పూనుకొనెను. అదియే పెరిగి శుభాకాంక్షల కార్డుల వ్యాపారమైనది. పుట్టినదినమునకు, పెండ్లికి, పరామర్శకు తమ నోట రాని మాటను జనులు అచ్చులో కొనుక్కొనుటయే ఆ వ్యాపారమునకు మూలము. ఆ సంస్థ పోషణలో 1951 డిసెంబరు 24వ తేదీన 'హాల్‌మార్క్ హాల్ ఆఫ్ ఫేమ్' అను కార్యక్రమము, మెనోటీ రచించిన 'అమాల్ అండ్ ద నైట్ విజిటర్స్' అను సంగీతరూపకముతో ఆరంభమైనది. నోట రాని దుఃఖమునకు మాట సమకూర్చు వర్తకులు అట్టి కథలనే టెలివిజనులోను పోషించుట వింత గాదు.

ఈ వరుసలో 1991 ఫిబ్రవరి 3వ తేదీన సి.బి.యస్. సంస్థ ప్రసారము చేసిన చిత్రము 'సారా, ప్లెయిన్ అండ్ టాల్'. పెట్రీషియా మెక్లాక్లన్ అను రచయిత్రి 1985లో ప్రకటించిన బాలల నవల దీనికి మూలము. ఆ చిన్న పుస్తకమునకు 1986లో న్యూబెరీ పతకము లభించినది. చిత్రమునకు దర్శకుడు గ్లెన్ జోర్డన్. సారా పాత్రను గ్లెన్ క్లోజ్, జేకబ్ పాత్రను క్రిస్టఫర్ వాకెన్ ధరించిరి.

కథ సామాన్యమైనది. ఇరువదవ శతాబ్దము తొలినాళ్లలో కాన్సాస్ మైదానములలో జేకబ్ అను రైతు. భార్య రెండవ బిడ్డను కని మరణించినది. కూతురు ఆన్నాకు తల్లి జ్ఞాపకమున్నది; కొడుకు కాలెబ్‌కు అదియును లేదు. అందుచేత వాడు అమ్మను గురించి అక్కను మాటిమాటికి అడుగుచుండును. తండ్రి పాట మానివేసెను. చనిపోయిన ఇల్లాలి ఊసు ఎత్తడు. భార్య కావలెనని అతడు పత్రికలో ప్రకటించగా, దూరమున మెయిన్ రాష్ట్రపు సముద్రతీరము నుండి సారా అను స్త్రీ బదులు వ్రాసి, ఒక నెల ఉండి చూచెదనని వచ్చును. ఆమె సముద్రమునకై బెంగపడును. పిల్లలు ఆమె వెళ్లిపోవునేమోయని బెంగపడుదురు. జేకబ్ మృతురాలి మాట ఎత్తుటకే జంకును. తెరలో కథను నడిపించునది ఈ చివరి చిక్కే. సారా ఆ మౌనమును సహింపక, దుఃఖమునెదుర్కొనుమని అతనిని నిలదీయును.

ఈ చిత్రము ప్రజాదరణ పొందినదనుటకు తర్వాత వచ్చిన రెండు చిత్రములే సాక్ష్యము. 1993లో 'స్కైలార్క్', 1999లో 'వింటర్స్ ఎండ్' అను పేర అదే కుటుంబపు కథను అదే నటులతో కొనసాగించిరి. చూచువారికి ఆ యింటి క్షేమసమాచారము ఇంకను తెలిసికొనవలెనని లేకున్నచో ఎనిమిదేండ్ల పాటు కథ సాగదు.

ఇక మనుమని ఆక్షేపణకు వత్తము. ఇట్టి చిత్రములను గూర్చి తరచుగా వినవచ్చు ఫిర్యాదులు కొన్ని గలవు. ముగింపు మొదటనే తెలియును. సంగీతము ముందుగా ఏడ్చి మనలను తరువాత ఏడువుమనును. ఏండ్ల తరబడి ఉన్న దుఃఖము ఒక పెండ్లితో తీరిపోవును. ఈ ఫిర్యాదులు వట్టివి గావు. వీనికి నిర్మాణములోనే కారణమున్నది. అమెరికా టెలివిజను చిత్రమునకు నడుమ నడుమ ప్రకటనల విరామములుండును. విరామమున ప్రేక్షకుడు వేరొక కేంద్రమునకు తిప్పుకొనకుండుటకై ప్రతి విరామమునకు ముందు ఒక గుండె పట్టుకొను ఘట్టమును నిలుపవలెను. ముసలివారు, పసివారు ఒకే గదిలో చూతురు గనుక కటువైన సంగతులు తొలగింపవలెను. ఒక్క రాత్రిలో ముగియవలెను గనుక ముడి విప్పుటకు కాలము చాలదు. ఇన్ని నియమములు కూడినచోట కథలన్నియు ఒక అచ్చున పోసినట్లుండుట సహజము.

అంతకన్న లోతైన ఆక్షేపణ వేరొకటి గలదు: చావును, వలపును ఒకే కథలో కలుపవచ్చునా? ఈ సందేహము మన ఆలంకారికులకును తెలిసినదే. శోకము స్థాయిభావముగా గలది కరుణరసము. విప్రలంభ శృంగారములోను కన్నీరున్నది గాని, అందు మరల కలియుదురను ఆశయు గలదు. కరుణములో ఆ ఆశ లేదు. ఈ భేదమును భరతుడు నాట్యశాస్త్రములో స్పష్టముగా చెప్పెను. శృంగారమునకు కరుణము విరోధియని తర్వాతి వారు నిర్ణయించిరి. ఐనను దారి మూసివేయలేదు. విరుద్ధమైన రసములు రెండును ఒకచో రావలసినప్పుడు ఒకదానిని మరియొకదానికి అంగముగా చేయుటయో, నడుమ వేరొక రసమును నిలుపుటయో ఉపాయమని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకములో వివరించెను. మన దృష్టాంతములోని చిత్రమును ఈ కొలతతో కొలిచినచో, దాని బలమెచ్చట నున్నదో తేటపడును. జేకబ్ శోకమునకును సారా అనురాగమునకును నడుమ పిల్లలున్నారు. వారి యందలి వాత్సల్యమున్నది. పొలము, పశువులు, వంట మున్నగు దినచర్యయున్నది. ఆ నడిమి భాగము సన్నగిల్లిన చిత్రములలో వలపు వచ్చి శోకమును త్రోసివేసినట్లు తోచును. మనుమడు పెదవి విరుచుట అచ్చట న్యాయమే.

అవ్వ పక్షమున ఏమి చెప్పవచ్చును? దుఃఖపు కథను కోరి చూచుట ఏల? ఇది పాత ప్రశ్నయే. సాహిత్యదర్పణము రచించిన విశ్వనాథుడు దీనికి సూటిగా బదులు చెప్పెను. కరుణము నిజముగా బాధయే ఐనచో దాని కొరకు ఎవ్వరును పోరు. రామాయణమును ఎవ్వరును వినరు. అందు సుఖమున్నదనుటకు సహృదయుల అనుభవమే ప్రమాణము. కన్నీరు వచ్చుట మనస్సు కరిగినందువలననే గాని బాధ వలన గాదని ఆయన మతము.

ఆధునిక పరిశోధకులును ఈ విషయమును ప్రయోగములతో పరిశీలించిరి. 1980 దశకములో అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుడు విలియం ఫ్రే దుఃఖభరితమైన చిత్రములు చూపి, వచ్చిన కన్నీటిని సేకరించి, ఉల్లిపాయ కోసినప్పుడు వచ్చు నీటితో పోల్చి చూచెను. మొదటి దానిలో మాంసకృత్తులెక్కువగా నున్నవి. 1993లో మేరీ బెత్ ఆలివర్ దుఃఖ చిత్రములను ఇష్టపడుటను గూర్చి వ్రాసిన వ్యాసములో, కొందరికి తాము కరుగుచున్నామను ఎఱుకయే తృప్తినిచ్చుచున్నదని సూచించెను. 2015లో ప్రకటింపబడిన డచ్చి పరిశోధనలో దాదాపు అరువది మందికి కన్నీరు తెప్పించు చిత్రములు చూపిరి. ఏడ్చినవారి మనఃస్థితి చిత్రము ముగియగానే క్రుంగినది. ఇరువది నిమిషములకు మునుపటి స్థితికి వచ్చినది. తొంబది నిమిషములకు చిత్రమునకు ముందుకన్న మెరుగైనది. ఏడువని వారిలో ఇట్టి మార్పు కానరాలేదు. కావున ఏడ్చినవారిని చిత్రము ముగిసిన మరుక్షణమున అడిగిన ఒక సమాధానమును, నిద్రకు ముందడిగిన వేరొక సమాధానమును వచ్చును. అవ్వ "బాగున్నది" అని మరునాడు చెప్పుటలో వింత లేదు.

ఐనను ఈ వాదమంతయు శోకము తనది కానివారికే వర్తించును. కరుణము రసము కావలెనన్న చూచువానికిని శోకమునకును కొంత ఎడముండవలెను. ఆ ఎడము లేనివాని మాటయేమి? వంటింటిలో నీళ్ల గ్లాసు పట్టుకొని నిలబడిన ఇంటి యజమానిని తలచుకొనుడు. ఆయన తల్లియో, తమ్ముడో, తొలి బిడ్డయో పోయియుండవచ్చును. తెరమీది ఇల్లు ఆయనకు కథ గాదు.

దుఃఖమును గూర్చి శాస్త్రజ్ఞుల అభిప్రాయమును కాలక్రమమున మారినది. మృతుల మీది మమకారమును కొంచెము కొంచెముగా విడిపించుకొనుటయే శోకము చేయు పనియని 1917లో ఫ్రాయిడ్ వ్రాసెను. తర్వాత చాలాకాలము, మరచుటయే కోలుకొనుటయను భావము వ్యాపించినది. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అను వారు సంపాదించిన గ్రంథము దీనిని ఎదిరించెను. చనిపోయిన వారితో అనుబంధము తెగదు, రూపు మార్చుకొని నిలుచును, అది రోగము గాదని వారు చూపిరి. 1999లో స్ట్రోబె, షూట్ అను డచ్చి పరిశోధకులు మరియొక సంగతి చెప్పిరి. దుఃఖించువాడు ఒకప్పుడు పోయినదాని వైపును, ఒకప్పుడు ముందున్న బ్రతుకు వైపును ఊగిసలాడును. ఆ ఊగిసలాటయే ఆరోగ్యకరము. కావున ఆయన లేచి వంటింటిలోనికి పోవుట పిరికితనము గాదు, చిత్రమును నిరసించుటయు గాదు. అది ఆ ఊగిసలాటలో ఒక ఊపు.

ఈ వెలుగులో చూచినప్పుడు ఇట్టి కథలకు ఒక పరీక్ష దొరకును. ముగింపునందు చనిపోయిన వారికి చోటున్నదా? క్రొత్తగా వచ్చిన స్త్రీ పాత ఇల్లాలి పేరు చెరిపివేసి ఇల్లాలైనచో, ఆ కథ ఎంత ఏడిపించినను అబద్ధమే. ఆ పేరు ఇంటిలో మరల వినబడునట్లు చేసి ఇల్లాలైనచో, ఎంత సామాన్యమైన కథయైనను నిజమే. సారా కథ ఈ పరీక్షకు నిలిచినదని నా అభిప్రాయము. ఆమె జేకబ్ చేత మరపింపజేయలేదు, మాట్లాడించినది.

రేడియోలో పనిచేయు మాకు ఈ పరీక్ష నిత్యకృత్యము. ఒకసారి ఒక నాటికలో భార్యను పోగొట్టుకొన్న వృద్ధుని మాటలకు వెనుక వేణువు పెట్టితిమి. అభ్యాసములో విని, ఆ వేణువు వృద్ధునికన్న ముందుగా ఏడ్చుచున్నదని తీసివేసితిమి. ప్రసారమైన పిమ్మట వచ్చిన ఉత్తరములలో ఒకటి "రాత్రిపూట ఇంటిలో ఏడుపు పెట్టించుట మీకేమి న్యాయము?" అని మందలించినది. వేరొకటి నాలుగే వాక్యములు: తమ నాయన పదేండ్ల తర్వాత ఆ రాత్రి భోజనమునకు కూర్చుండి తమ అమ్మ ఊసెత్తెనని. రెండు ఉత్తరములను ఒకే దస్త్రములో ఉంచితిమి. రెండును నిజమే.

ప్రసార సంస్థలు వినువారి మనస్సు తెలిసికొన చిరకాలముగా యత్నించుచున్నవి. బి.బి.సి. 1936లోనే శ్రోతల పరిశోధనకు ఒక శాఖ నేర్పరచినది. ఎన్ని ఇండ్లలో యంత్రము పలికినదో లెక్కింపవచ్చును. ఎందరు మెచ్చిరో అడుగవచ్చును. కాని గదిలో నుండి లేచిపోయినవాడు ఏ లెక్కకును అందడు. నచ్చక పోయినవాడును, మిక్కిలి తాకి పోయినవాడును లెక్కలో ఒకటే.

ఆ భేదమును కనుగొనగలవారు ఇంటివారొక్కరే. ఇట్టి కథ ముగిసినప్పుడు వెంటనే వేరొక కేంద్రమునకు తిప్పక, పావుగంటసేపు యంత్రమును ఆపి చూడుడు. అవ్వను మెచ్చుకొననిండు, మనుమని తప్పులెన్ననిండు. వంటింటిలో నున్నవారిని "చిత్రమెట్లున్నది?" అని మాత్రము అడుగవలదు. ఒక పీట వేసి పిలిచి, పోయినవారి పేరు మీరే ముందెత్తుడు.