గోధుమ జిగురూ – నాడీరోగమూ

గుప్పెడు గోధుమపిండిని నీళ్లతో ముద్దగా కలిపి, అరగంట నాననిచ్చి, నీటిలో పిసుకుతూ కడిగితే ఆ నీళ్లు పాలవలె తెల్లబడతాయి. ఆ తెలుపు పిండిపదార్థం. నీళ్లు మార్చి మార్చి కడుగగా చివరకు చేతిలో రబ్బరువలె సాగే జిగురుముద్ద ఒకటి మిగులుతుంది. దీనినే గ్లూటెన్ అంటారు. ఇది కొన్ని మాంసకృత్తుల సముదాయం. రొట్టె పొంగి గుల్లబారడానికి కారణం ఇదే. బియ్యపుపిండితో ఈ ప్రయోగం చేస్తే ఇటువంటి ముద్ద మిగలదు. ఈ తేడాను విద్యార్థులు బడిలోనే చూడవచ్చును.

ఇంత ఉపయోగకరమైన పదార్థం కొందరికి హాని చేస్తుంది. సీలియాక్ వ్యాధి గలవారు గోధుమ తిన్నప్పుడు వారి దేహరక్షణ వ్యవస్థ తమ చిన్నప్రేగు మీదనే దాడి చేస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకొనే ఆంత్రచూషకాలు నశిస్తాయి. బిడ్డలు విరేచనాలతో చిక్కిపోతారు. 1888లో ఈ వ్యాధిని వర్ణించిన లండను వైద్యుడు సామ్యూల్ గీ, దీనికి పథ్యమే మార్గమన్నాడు. కాని మానవలసినది ఏది? దీనిని తేల్చినవాడు హాలెండు శిశువైద్యుడు విల్లెం డికె. 1944–45 చలికాలంలో యుద్ధం మూలంగా ఆ దేశంలో రొట్టెకు కరవు వచ్చింది. అప్పుడు ఈ బిడ్డలు కోలుకున్నారు. రొట్టె మళ్లీ దొరకగానే జబ్బు తిరగబెట్టింది. అంతకుముందే గోధుమను అనుమానిస్తూ వచ్చిన డికె, బిడ్డలకు గోధుమ మానిపించీ, మళ్లీ పెట్టీ జాగ్రత్తగా పరీక్షించి, 1950లో తన సిద్ధాంతవ్యాసాన్ని వెలువరించాడు.

ఇక రెండవ వ్యాధి మల్టిపుల్ స్క్లిరోసిస్. దీనిని 1868లో పారిస్ వైద్యుడు షార్కో స్పష్టంగా నిరూపించాడు. మెదడులోను, వెన్నుపాములోను ఉండే నాడీతంతువులకు మైలిన్ అనే కొవ్వుతొడుగు ఉంటుంది. విద్యుత్తీగ మీది తొడుగువంటిదే ఇది. ఈ వ్యాధిలో దేహరక్షణ కణాలు ఆ తొడుగును అక్కడక్కడ ధ్వంసం చేస్తాయి. వార్తలు నాడులలో సరిగా సాగవు. చూపు మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది, విపరీతమైన అలసట కలుగుతుంది. సాధారణంగా ఇది 20, 40 ఏండ్ల మధ్య, స్త్రీలలో ఎక్కువగా, బయటపడుతుంది.

రెండు వ్యాధులలోను దేహం తనమీద తానే తిరగబడుతున్నది. కాబట్టి ఒకదానికి పనిచేసిన పథ్యం రెండవదానికీ పనిచేయదా అనే ఆశ సహజం. 1950ల దశాబ్దిలో ఈ వ్యాధి పాలైన స్కాట్లండు నాటకకర్త రోజర్ మక్డూగల్, గ్లూటెన్‌ను మాని, చక్కెరను, జంతువుల కొవ్వును తగ్గించి, కొన్ని సంవత్సరాలకు కోలుకున్నానని చిన్న పుస్తకం వ్రాశాడు. దానిని చదివి ఎందరో ఆ పథ్యం పట్టారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఈ నాడీవ్యాధి చాలమందిలో మొదట విడతలు విడతలుగా వస్తుంది. ఒక విడత ముగిసిన తరువాత, మందు లేకపోయినా, పథ్యం లేకపోయినా, కొన్ని నెలలో, ఏండ్లో ఉపశమనం ఉండవచ్చును. రోగి పథ్యం పట్టేది బాధ ముదిరినప్పుడే. ఆ పిమ్మట కలిగే మేలు పథ్యానిదో, వ్యాధి స్వభావానిదో ఒక్క మనిషిని చూచి చెప్పలేము. అందుచేత రోగులను చీట్లు వేసినట్లుగా రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మాత్రమే చికిత్సనిచ్చి, కొంతకాలం తరువాత రెండింటినీ పోల్చాలి. 1993లో అమెరికాలో అనుమతి పొందిన ఇంటర్‌ఫెరాన్ బీటా అనే మందు ఇటువంటి పరీక్షలో విడతలను సుమారు మూడవవంతు తగ్గించింది. తరువాత అంతకంటె బలమైన మందులు వచ్చాయి. గ్లూటెన్ లేని ఆహారం ఈ వ్యాధిని అరికడుతుందని మాత్రం ఇంతవరకు ఇటువంటి పరీక్షలలో రుజువు కాలేదు.

ఈ వివేచన పండితుల వాదం కోసం కాదు. మైలిన్ తొడుగు కొంతవరకు తిరిగి ఏర్పడగలదు. కాని మెదడులో, వెన్నుపాములో తెగిన నాడీతంతువు తిరిగి పెరగదు. పథ్యాన్ని నమ్ముకొని మందు మానినవారు పోగొట్టుకొనే కాలం మళ్లీ రాదు.

మందుతోపాటు పథ్యం కూడ చేయదలచినవారికి అడ్డు లేదు. బియ్యం, జొన్న, రాగి, సజ్జలలో ఈ గోధుమ జిగురు లేదు. గోధుమరవ్వ, మైదా, సేమియా, బార్లీ మానవలసి ఉంటుంది. బజారులో దొరికే ఇంగువలో కూడ తరచు గోధుమపిండి కలుపుతారు. ఒక్క సంగతి గమనింపదగినది: సీలియాక్ వ్యాధి ఉన్నదేమోనని అనుమానమున్నవారు గోధుమ మానకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. మానిన కొంతకాలానికి రక్తంలోని గుర్తులు పోయి, ఉన్న వ్యాధి లేనట్లు కనబడవచ్చును. ఆ వ్యాధి తేలినవారికి మాత్రం ఈ పథ్యం జీవితాంతం తప్పనిసరి.