నుదుటితో వెలిగించిన దీపము

చాట చేతబట్టి తల్లి బియ్యము చెరుగుచుండగా, ప్రక్కన కూర్చున్న ఏడాది బిడ్డ తన చేతికి చిక్కిన పళ్లెమును పట్టుకొని మీదికిని క్రిందికిని ఊపును. ఆ పళ్లెములో బియ్యము లేవు, నూకలు లేవు. ఇంటిల్లిపాదియు చూచి ముచ్చటపడుదురు. "కోతిచేష్టలు" అని ఎవరో ఒకరు నవ్వుదురు. అనుకరణమును కోతికి అంటగట్టుట మన వాడుక. కాని పసిపిల్లల విషయమున జరిగిన పరీక్షలను చూచినచో, ఆ మాట బిడ్డకును తగదు, కోతికిని తగదు అని తోచక మానదు.

ఈ విషయమును నిశితముగా పరిశీలించినవారిలో స్విట్జర్లాండు మనస్తత్త్వవేత్త ఝాన్ పియాజే ముఖ్యుడు. ఆయనకు పరిశోధనశాల తన ఇల్లే. 1945లో ప్రకటించిన గ్రంథమున తన కుమార్తెను గూర్చి ఆయన ఒక చిన్న సంఘటనను వ్రాసెను. ఆమెకు అప్పుడు ఏడాది నాలుగు నెలలు. ఇంటికి వచ్చిన ఒక బాలుడు కటకటాల ఆటతొట్టిలో నిలిచి కేకలు వేయుచు, దానిని వెనుకకు నెట్టుచు, కాళ్లు నేలకు తన్ని అల్లరి చేసెను. అట్టి దృశ్యమును ఆ పిల్ల అంతకుమున్ను ఎరుగదు. ఆశ్చర్యముతో చూచుచు నిలిచిపోయెను. మరునాడు తన తొట్టిలో తానును కేకలు వేసి, దానిని కదల్చజూచి, పాదముతో మెల్లగా నేలను పలుమార్లు తట్టెను. బాలుడు ఎదుట లేడు. కనుక ఆ చేష్ట ఆమె మనస్సులో ఒక చిత్రముగా నిలిచియుండవలెనని పియాజే తర్కము. ఇట్టి శక్తి సుమారు ఏడాదిన్నర ప్రాయమున కలుగునని ఆయన నిర్ణయించెను.

అంత ఆలస్యము అక్కరలేదని చూపినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఆండ్రూ మెల్ట్‌జాఫ్. 1988లో ఆయన ప్రకటించిన పరీక్ష ఇది. బల్లమీద ఒక పెట్టె కలదు. దాని పైభాగమును తాకినచో దీపము వెలుగును. పెద్దవారు చేతులు వాడక, నడుము వంచి, నుదుటితో తాకి దానిని వెలిగించిరి. పదునాలుగు నెలల పిల్లలు ఊరక చూచిరి, తాకుటకు అవకాశమీయలేదు. వారము గడచిన పిమ్మట ఆ పెట్టెను వారి ముందుంచగా, మూడింట రెండు వంతులమంది వంగి నుదుటితో తాకిరి. ఆ పనిని చూడని పిల్లలలో ఒక్కరికిని ఆ ఊహ తోచలేదు.

పుట్టిన కొలది దినములకే బిడ్డలు ఎదుటివారిని చూచి నాలుక చాచుదురని ఈ మెల్ట్‌జాఫే 1977లో మూర్ అను సహచరునితో కలిసి ప్రకటించెను. దీనిపై వివాదము నేటికిని తీరలేదు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు నూటఆరుగురు శిశువులను తొమ్మిదవ వారము వరకు పరీక్షించి, అనుకరణమునకు నిదర్శనము దొరకలేదనిరి. బిడ్డ నోరు తెరచినచో తల్లియు నోరు తెరచును. బిడ్డ నవ్వినచో తానును నవ్వును. మొదట అనుకరించునది పెద్దలేయనియు, తన ముఖమున జరుగుదానిని బిడ్డ ఆ అద్దములోనే చూచి నేర్చుననియు వాదించువారు కలరు. ఈ వాదము ఉపేక్షింపదగినది కాదు. తల్లి ఒడిలో తారంగమాడు బిడ్డను చూచినవారికి, ఎవరు ఎవరిని అనుకరించుచున్నారో చెప్పుట కష్టము.

మొదలు ఎప్పుడైనను, నుదుటి దీపము కథ అంతటితో ముగియలేదు. 2002లో హంగరీ దేశీయుడు గెర్గెలీయు, ఆయన సహచరులును ఆ పరీక్షకు ఒక చిన్న మెలిక పెట్టిరి. ఈసారి పెద్దవారు చలివేసినట్లు దుప్పటి కప్పుకొని, దానిని రెండు చేతులతో పట్టుకొని, నుదుటితో దీపము వెలిగించిరి. ఇట్లు చూచిన పిల్లలలో నూటికి 21 మంది మాత్రమే నుదురు వాడిరి. మిగిలినవారు చేతితోనే తాకిరి. చేతులు బల్లమీద ఖాళీగా ఉంచుకొని పెద్దవారు నుదుటితో తాకినప్పుడో, నూటికి 69 మంది నుదురే వాడిరి. అనగా, "ఆమె చేతులకు తీరిక లేదు, నా చేతులకు కలదు" అని ఒక వర్గమును, "చేతులుండియు నుదురు వాడినదనగా అందేదో విశేషమున్నది" అని మరియొక వర్గమును గ్రహించినట్లు. మాటలైనను సరిగా రాని వయస్సున ఇంత విచక్షణయా! ప్రతివాదము లేకపోలేదు. చేతులు బల్లకు ఆనించి వంగుట పసివారికి సులువు గనుకనే అట్లు చేసిరని 2011లో కొందరు వాదించిరి. ఆ కొందరిలో మొదటి పరీక్ష చేసిన బెక్కరింగ్ అను నతడును ఉండుట శాస్త్రలోకమునకు వన్నె తెచ్చు విషయము.

ఇక కోతి మాట. సరిగా చెప్పవలెనన్న, తోకలేని వానరమగు చింపాంజీ మాట. 2005లో హార్నర్, వైటెన్ అనువారు ఉగాండాలోని ఒక ద్వీపమున చింపాంజీలకు ఒక పెట్టెను చూపిరి. కర్రతో పైరంధ్రమున పొడిచి, తరువాత ముందు రంధ్రమునుండి తినుబండారమును తీసిరి. పైన పొడుచుట వట్టి వ్యర్థపు పని. పెట్టె లోపల కనబడనప్పుడు చింపాంజీలు రెండు పనులను చేసినవి. పారదర్శకమైన పెట్టెలో ఆ వ్యర్థత కంటబడగానే మొదటి పనిని మానివేసినవి. స్కాట్లండులోని మూడు, నాలుగేండ్ల పిల్లలో, లోపల అంతయు కనబడుచున్నను రెండు పనులను తు.చ. తప్పక చేసిరి!

చింపాంజీ తెలివైనది, బిడ్డ తెలివితక్కువవాడు అనుకొనుట తొందరపాటు. చింపాంజీకి కావలసినది తినుబండారము. బిడ్డకు కావలసినది ఆ పని ఎట్లు చేయవలెనో ఆ పద్ధతి. పెద్దలు చేసినదానికి ఏదో కారణముండునని వాడు నమ్మును. కారణము తరువాత తెలియవచ్చును, తెలియకపోవచ్చును. పలకమీద "అ" దిద్దు బిడ్డకు ఆ గీత ఆ ప్రక్కనే ఏల మొదలుకావలెనో, ఈ వైపునకే ఏల తిరుగవలెనో ఎవరును చెప్పరు. పంతులుగారు చేయిపట్టి దిద్దించినట్లు దిద్దును. పంతులుగారు బలపమును తడిచేసి వ్రాయు అలవాటు గలవారైనచో, బిడ్డయు ముందు బలపమును తడిచేయును, ఆ తరువాతనే అక్షరము వ్రాయును.