రెండో దిర్హం

మానవ నాగరికత ఎటు పోతోందని అడిగితే చాలామంది రాకెట్ల గురించి, రోబోల గురించి, కృత్రిమ మేధ గురించి చెబుతారు. మన నంద్యాల జిల్లాలో ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే అంత దూరం పోనక్కరలేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడి చేలు చూస్తే చాలు.

అవి పప్పుశనగ కోతల రోజులు. మామూలు శనగ చెట్టు పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. కాయలు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి కోత యంత్రం కత్తికి అందవు. అందుకే ఆ పని ఎంతోకాలం కూలీల చేతుల్లోనే, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. నంద్యాలలో 1906 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానం ఎన్‌బీఈజీ 47 అనే రకాన్ని తయారుచేసింది. ఈ చెట్టు నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది. కాయలు నేలకు పైన కాస్తాయి. యంత్రం చేలో దిగితే రోజుల తరబడి సాగే కోత గంటల్లో ముగుస్తుంది. అంటే ఇక్కడ యంత్రం వచ్చి పైరుకు అలవాటు పడలేదు, పైరునే యంత్రానికి తగినట్టు పెంచారు.

ఇది చెడ్డదని నేను అనను. శనగ ఆకు మీద పులుపు ఉంటుంది. దాన్ని ఒట్టి చేతులతో పీకిన తల్లుల అరచేతులు ఎలా మండుతాయో పీకినవాళ్లకే తెలుసు. రైతుకూ ఖర్చు తగ్గింది. కానీ అదే చేలో వచ్చిన కూలితో ఇంటి అద్దె, బిడ్డ ఫీజు కట్టుకున్న ఇల్లాలికి ఆ రోజులు పోయాయి. ఆమె మన సంస్థ తలుపు తట్టినప్పుడు మనం రేషన్ కిట్ ఇస్తాం. మరుసటి రంజాన్‌కు ఆమె మళ్లీ వస్తుంది.

నాగరికత ఎలా పెరుగుతుందో, ఎలా క్షీణిస్తుందో ఆలోచించి రాసినవారిలో ఇబ్నె ఖల్దూన్ పేరు ముందు చెప్పుకోవాలి. 1377లో ఆయన రాసిన ముఖద్దిమాలో ఒక మాట ఉంది: ఒక మనిషి ఒక్క పూట తిండి తినాలన్నా విసిరేవారు, వండేవారు, పండించేవారు, పనిముట్లు చేసే కమ్మరి, వడ్రంగి, ఇంతమంది కావాలి. ఒకరి పని మీద ఇంకొకరు ఆధారపడటమే సమాజం. అలాంటి గొలుసులో ఒక కొక్కెం యంత్రానికి పోయినప్పుడు, అక్కడ నిలబడ్డ మనిషికి ఇంకో చోటు చూపించకపోతే ఆమె సమాజం అంచుకు జారిపోతుంది. రాబోయే కాలంలో దానధర్మాలకు అసలు పరీక్ష ఇక్కడే.

హదీసుల్లో మనందరం విన్న ఒక సంఘటన ఉంది. యాచించడానికి వచ్చిన ఒక అన్సారీని దైవప్రవక్త (స) ఇంట్లో ఏముందని అడిగారు. ఒక కప్పుకునే గుడ్డ, ఒక గిన్నె. వాటిని వేలం వేస్తే రెండు దిర్హంలు వచ్చాయి. ఒకదానితో ఇంటికి తిండి కొనమన్నారు. రెండోదానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. తెచ్చాక ప్రవక్త (స) స్వయంగా తన చేతులతో దానికి పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను రోజుల దాకా కనిపించవద్దని పంపారు. అతను తిరిగి వచ్చేసరికి పది దిర్హంలు సంపాదించాడు.

మొదటి దిర్హం తిండికే. ముసలివారికి, రోగులకు, ఆధారం లేని వితంతువులకు అది ఆగకూడదు. అయితే మన విరాళాల్లో చాలాభాగం ఆ మొదటి దిర్హం దగ్గరే అయిపోతోంది. రెండో దిర్హంతో ఈ రోజుల్లో ఏ గొడ్డలి కొనివ్వాలి?

ఇక్కడ కొంచెం జాగ్రత్త పడాలి. రేపటి లెక్క తమకు ముందే తెలుసనుకున్నవాళ్లు మన ఊరి పక్కనే దెబ్బతిన్నారు. కేసీ కాలువను 1860లలో తవ్వించింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. సాగునీటితో పాటు పడవల రవాణా మీద కూడా ఆశ పెట్టుకుంది. రైతులు అనుకున్నంతగా నీళ్లు తీసుకోలేదు, కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. తర్వాత రైలు వచ్చింది. పడవల మాట మరుగున పడింది, అదే కాలువ కింద వరి పచ్చబడింది. కాబట్టి అందరికీ కుట్టుమిషన్లో, అందరికీ కంప్యూటర్ కోర్సో అని ఒకే దాని మీద సొమ్మంతా పెట్టడం నాకు నచ్చదు. పని మారినప్పుడు తానూ మారగల శక్తి బిడ్డకు ఇవ్వాలి. అది చదువుతోనూ, గట్టిగా చేతికొచ్చిన విద్యతోనూ వస్తుంది. ఆళ్లగడ్డ శిల్పుల్ని చూడండి. రాయిని కోసే యంత్రాలు ఎన్ని వచ్చినా, రూపం తెలిసిన చేతికి గిరాకీ పోలేదు.

మన పెద్దల్లో ఈ సంగతి గ్రహించినవారు డాక్టర్ అబ్దుల్ హఖ్. ఆయన 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించారు. అప్పటికి నంద్యాల, ఆళ్లగడ్డ కర్నూలు జిల్లాలోనివే. అక్కడి విద్యార్థులు ఏ ఉద్యోగాలు చేస్తారో ఆయనకు తెలిసి ఉండే అవకాశం లేదు. అయినా కళాశాల నేటికీ నడుస్తోంది, కర్నూలులోని ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదే ఉంది. సదఖయే జారియా అంటే బావి, మసీదు మాత్రమే గుర్తొచ్చేవారికి ఈ ఉదాహరణ చెబుతుంటాను.

2007 చట్టం బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చాక కాలేజీ సీటు దొరకడం కొంత సులువైంది. సీటు వచ్చాక మిగిలేవి హాస్టల్ ఖర్చు, బస్ పాసు, పుస్తకాలు. వాటికి డబ్బు లేకపోతే ఇంట్లో ముందు ఆగేది ఆడపిల్ల చదువే. నర్సింగ్, ఫార్మసీ, డిగ్రీ ఏదైనా సరే, పూర్తయ్యేదాకా ఒక అమ్మాయి భారం ఒక దాత తీసుకుంటే, ఆ ఇంటికి రేషన్ కిట్ అవసరం లేని రోజు వస్తుంది. మగపిల్లలకు కూడా చేలో దిగే ఆ యంత్రమే ఒక దారి. దాన్ని నడపడం, బాగుచేయడం మన కుర్రవాళ్లు ఎందుకు నేర్చుకోకూడదు?

అయితే ఫీజు కట్టేసి వదిలేస్తే గొడ్డలి ఇచ్చి పిడి బిగించనట్టే. దరఖాస్తు నింపేవారు, సర్టిఫికెట్ల కోసం తహసీల్దారు ఆఫీసుకు వెంట వెళ్లేవారు, పరీక్ష తప్పితే ఇంటికి వెళ్లి మాట్లాడేవారు కావాలి. డబ్బు ఇవ్వలేనివారు ఈ పని చేయవచ్చు. రిటైరైన టీచర్లు మనలో తక్కువేమీ లేరు.

ఇంకో చిక్కు తేదీలది. మనకు విరాళాలు ఎక్కువగా వచ్చేది రంజాన్‌లో. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు చలికాలం చివరికి చేరింది. కాలేజీ అడ్మిషన్లు జూన్, జూలైలో. ఈద్ నాటికి ఖజానా ఖాళీ అయితే, అసలు అవసరం వచ్చే వేళకు చేతిలో ఏమీ ఉండదు. జకాత్ సొమ్ము ఎంతకాలం ఆపవచ్చో ఉలమాలను అడిగి నడుచుకోవాలి. సదఖా, ఇమ్దాద్ సొమ్ములో మాత్రం ఒక భాగాన్ని జూన్ కోసం వేరే ఖాతాలో ఉంచమని దాతలు రసీదు రాయించుకునేటప్పుడే చెప్పవచ్చు.