బరువు బండి వెనుక నడక

నెల్లూరు నుండి ఆత్మకూరు దారిని సుమారు 30 కిలోమీటర్లు పోయినచో పెన్నానది యొడ్డున సంగం వచ్చును. అచ్చటి పాత ఆనకట్టకు మారుగా కట్టిన బారేజి 2022 సెప్టెంబరు 6వ తేదీన జాతికి అంకితమైనది. కనిగిరి జలాశయమునకును, కనుపూరు కాలువకును నీరు పోవునది అచ్చటి నుండియే. కృష్ణపట్నం రేవును బళ్ళారి, హుబ్బళ్ళి ప్రాంతములతో కలుపు 67వ జాతీయ రహదారియు ఆ యూరి మీదుగానే పోవుచున్నది. జనులు దీనిని బొంబాయి రోడ్డందురు. 2008లో కృష్ణపట్నం రేవు తెరచిన పిదప ఈ దారిని బరువు లారీల రాకపోకలు హెచ్చినవి. ధాన్యపు లారీలు, ఇసుక లారీలు వీనికి తోడు.

లారీ నడపువాడు మనుష్యుడే. వానికి అన్నము కావలెను, నిద్ర కావలెను. కార్మికునికి దినమునకు 8 గంటలే పని యనియు, 5 గంటల పని పిమ్మట అరగంటకు తగ్గని విరామ మీయవలెననియు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే 2025 వరకు విధించియుండెను. కావున లారీ యెచ్చటనో ఒకచోట నిలువక తప్పదు. నిలుచుటకు స్థలము చేరునప్పుడును, అచ్చట నుండి బయలుదేరునప్పుడును అది వెనుకకు నడువవలసి వచ్చును. నూరు మైళ్ళు ముందునకు క్షేమముగా నడచిన బండి పది గజములు వెనుకకు నడచునప్పుడు ప్రాణము తీయవచ్చును. అది యెట్లు జరుగునో, జరుగకుండ ఏమి చేయవలెనో ఈనాడు ముచ్చటించుకొందము.

ఒకనాటి మధ్యాహ్నము సంగం దాటిన పిదప రోడ్డు ప్రక్క టీ అంగడి వద్ద ఒక వృద్ధ డ్రైవరును చూచితిని. భోజనము ముగించి వచ్చి, బండి యెక్కక, దాని చుట్టును ఒకసారి నడచెను. వెనుక చక్రముల వద్ద వంగి చూచి, "లెయ్ అబ్బయా, లెయ్! నీడ చాల్లే!" అని కేక వేసెను. బండి క్రింద తువ్వాలు పరచుకొని నిదురించుచున్న కూలివా డొకడు కన్నులు నులుముకొనుచు వెలుపలికి వచ్చెను. డ్రైవరు నా వంక చూచి, "బండికి ముందరే కళ్ళుండేది సార్. ఎనక కళ్ళు మనమే పెట్టాల" అనెను. ఈ ప్రసంగమునకు మూలము ఆ మాటయే.

లారీ వెనుక ఏమున్నదో డ్రైవరుకు కానరాదు. కారునకు వెనుక అద్దము కలదు. లారీలో ఆ చోట సరకు నిండి యుండును. ప్రక్క అద్దములు రెండు అంచులను చూపును గాని, బండికి సరిగా వెనుక నిలిచిన మనిషిని చూపవు. మన దేశమున స్టీరింగు కుడి ప్రక్కన ఉండుటచే కుడి అంచును డ్రైవరు తల బయటపెట్టి చూడగలడు. ఎడమ అంచును దూరపు అద్దములోనే చూడవలెను. కావున స్థల మెంచుకొను వీలున్నప్పుడు బండి తోక కుడివైపునకు తిరుగునట్లు వెనుకకు తీయుట మేలు. ఎడమకు తీయుట గ్రుడ్డివైపు తీయుట. చాల పాశ్చాత్య దేశములలో స్టీరింగు ఎడమ ప్రక్క నుండును గనుక అచ్చటి పుస్తకములు ఎడమకు తీయుడని చెప్పును. ఆ సలహాను మనము తలక్రిందులుగా చదువుకొనవలెను.

ఇక స్టీరింగు త్రిప్పు విషయము. సాధారణపు లారీని వెనుకకు తీయునప్పుడు స్టీరింగును కుడికి త్రిప్పిన తోక కుడికి పోవును. అదే సమయమున ముందు భాగము ఎడమకు విసరికొనును. వెనుకనే చూచుచు దీనిని మరచినవారు ముందు మూలతో ప్రక్క లారీని గీరుకొందురు. ట్రెయిలరు సంగతి వేరు. అది ఎద్దుల బండివంటిది. బండిని దొడ్డిలోనికి వెనుకకు నెట్టు రైతు కాడిని ఎడమకు త్రోసిన బండి తోక కుడికి తిరుగును. ట్రెయిలరు తోకయు అట్లే, స్టీరింగు ఎడమకు త్రిప్పిన కుడికి పోవును. అది తిరుగ నారంభించిన వెంటనే స్టీరింగును మరలించి దాని వెంబడి పోవలెను. ఆలస్యమైనచో ముందు బండియు ట్రెయిలరును మడత కత్తివలె ముడుచుకొనును. అట్లు ముడుచుకొన సాగినచో బలవంతముగా సరిదిద్దబోక, బండిని ముందునకు నడిపి, తిన్నగా చేసికొని, మరల ఆరంభించుటయే ఉపాయము. రెండుసార్లు ముందునకు నడిపినందువలన ఏ డ్రైవరు పరువును పోదు.

వెనుక కన్నులుగా ఉండువాడు క్లీనరు. అందరిలోను ఎక్కువ ప్రమాదము వానికే. "రానీ, రానీ" అనుచు బండికి సరిగా వెనుక నిలిచి, తానును వెనుకకు నడచుచుండును. వెనుక గోడయో, మరియొక లారీయో ఉన్నచో తప్పుకొనుటకు చోటుండదు. ఒక చిన్న లెక్క చూడుడు. గంటకు 5 కిలోమీటర్ల వేగము మనిషి నడక వేగము. ఆ వేగమున బండి ఒక సెకనులో దాదాపు 1.4 మీటర్లు కదలును. క్లీనరు "ఆపు" అని అరచి, ఆ మాట డ్రైవరు చెవిని పడి, కాలు బ్రేకు మీదికి పోవుటకు ఒక సెకను పట్టిననూ, మీటరు దూరములో నిలిచినవానికి రక్షణ లేదు. అందుచే బండిని నడక కన్న నెమ్మదిగా తీయవలెను. క్లీనరు బండి వెనుక గాక, కుడివైపున ఎడముగా, డ్రైవరు అద్దములో కనబడునట్లు నిలువవలెను. అద్దములో మనిషి మాయమైన మరుక్షణము బండి ఆగవలెను. ఈ యొక్క నియమము పాటించినను ఎన్నియో ప్రాణములు దక్కును.

బండి ప్రక్కను అరచేతితో చరచి సంజ్ఞ చేయుట మన క్లీనర్ల అలవాటు. ఒక బండిలో ఒక చరుపునకు "రమ్ము" అని అర్థమైన, మరియొక బండిలో "ఆగుము" అని అర్థము కావచ్చును. కావున క్రొత్త క్లీనరుతో డ్రైవరు ముందుగానే సంజ్ఞలు మాటలాడుకొనవలెను. సంజ్ఞ చేయువాడు ఒక్కడే యుండవలెను. టీ త్రాగుచున్న నలుగురు నాలుగు వైపుల నుండి అరచిన డ్రైవరు ఎవరి మాట వినును? 2025 అక్టోబరు 1 నుండి తయారగు బరువు లారీల క్యాబిన్లకు శీతల యంత్రము నిర్బంధము చేయబడినది. ఎండలో పనిచేయువారికి ఇది గొప్ప మేలు. కాని అద్దములు మూసికొన్న క్యాబినులోనికి క్లీనరు కేక పోదు. వెనుకకు తీయునంతసేపు కుడి అద్దము దించి యుంచుట, పాట కట్టివేయుట మరువరాదు.

ఎప్పుడు వెనుకకు తీయవలెను? వచ్చినప్పుడే. ఆవరణములోనికి వచ్చుచు డ్రైవరు ఆ చోటును కన్నులార చూచియుండును. గుంట ఎక్కడ, తీగ ఎక్కడ, మెత్తని నేల ఎక్కడ అన్నది అప్పుడు తెలియును. ఆ చూపు చల్లారకముందే బండి దిగి ఒకసారి చూచి, వెనుకకు తీసి నిలిపినచో, తెల్లవారుజామున చీకటిలో తిన్నగా ముందునకు పోవచ్చును. రాత్రి గడచునప్పటికి బండి వెనుక ఎవరు పరుండిరో, ఏ బండి వచ్చి నిలిచినదో ఎవరికి తెలియును? ముందునకే పోవువాడైనను బయలుదేరుటకు ముందు టార్చితో బండి చుట్టును నడచి, క్రిందికి వంగి చూడవలెను.

నిలిపిన బండి కదలకుండుటయు ముఖ్యమే. నిలిపిన బండిలో డ్రైవరు లేనప్పుడు యంత్రము ఆపి, బ్రేకు వేసి, అది తనంత కదలకుండ చేయవలెనని 1988 మోటారు వాహనముల చట్టము 126వ సెక్షను చెప్పుచున్నది. పల్లమునకు ముఖమైన రివర్సు గేరు, మిట్టకు ముఖమైన మొదటి గేరు వేసి, పల్లపు వైపున చక్రములకు దిమ్మ పెట్టవలెను. చాలమంది రాయి పెట్టుదురు. పెట్టుట మంచిదే, కాని పోవునప్పుడు దానిని తీయరు. రాత్రివేళ మోటారు సైకిలుపై వచ్చువానికి ఆ రాయి యమపాశ మగును. పెట్టిన చేతితోనే తీయవలెను. రోడ్డు మీదనే తోక మిగులునట్లు లారీ నిలుపుట అన్నిటికన్న పెద్ద తప్పు. వెనుక నుండి వచ్చువానికి చీకటిలో నిలిచిన లారీయు నడచుచున్న లారీయు ఒకటిగానే తోచును.

డ్రైవర్లకు మాత్రమే చెప్పి ముగించుట న్యాయము కాదు. కోతల కాలమున నెల్లూరు సీమలో రోడ్డు అంచులందు వడ్లు ఆరబోయుట మన మెరుగుదుము. రాత్రివేళ ఆ వడ్లకు కాపుండి, ప్రక్కనే కన్నుమూయు రైతు లారీ డ్రైవరుకు కానరాడు. కళ్ళము దొరకక రోడ్డున ఆరబోయువాడు ధాన్యము రోడ్డున ఉంచినను, తన ప్రక్కను మాత్రము రోడ్డుకు దూరముగా వేసికొనవలెను. మిల్లుల వారు ఆవరణమున దీపము వెలిగించి, పిల్లలను రానీయకుండ చూడవలెను. అంగళ్ళ వారు లారీ పూర్తిగా రోడ్డు దిగుటకు చాలినంత చోటు విడువవలెను. నిలిచిన లారీ నీడ ఎంత చల్లగా నున్నను, అది నిదురకు తగిన చోటు కాదు.

నిదానమే ప్రధానమని పెద్దలందురు. బండి దిగి చుట్టి చూచుటకు రెండు నిమిషములు పట్టును. కృష్ణపట్నము నుండి హుబ్బళ్ళికి పోవు దారిలో రెండు నిమిషములు లెక్కకు రావు. బండి క్రింద పరుండినవానికి ఆ రెండు నిమిషములే ఆయుర్దాయము.