ఇంటరప్ట్ నుంచి తిరిగి వెళ్లేటప్పుడు ప్రీఎంప్షన్

టైమర్ ఇంటరప్ట్ రాగానే ప్రాసెస్ మారిపోతుందని విద్యార్థులు జవాబు పత్రాల్లో రాస్తుంటారు. ఇది సగమే నిజం. ఇంటరప్ట్ హ్యాండ్లర్ తానుగా ప్రాసెస్‌ను మార్చదు. మరో ప్రాసెస్‌కు అవకాశం ఇవ్వాలనిపిస్తే, లినక్స్ కెర్నల్‌లో 'నీడ్ రీషెడ్' అనే గుర్తు మాత్రం పెడతారు. మార్చాలా వద్దా అన్నది హ్యాండ్లర్ పని ముగిశాక, తిరుగు దారిలో తేలుతుంది.

అక్కడ కెర్నల్ మొదట చూసేది, ఇంటరప్ట్ ఏ మోడ్‌లో ఉండగా వచ్చిందని. యూజర్ మోడ్‌లో వచ్చి ఉంటే చిక్కు లేదు. ఆ ప్రాసెస్ చేతిలో కెర్నల్ లాక్ ఏదీ ఉండదు కనుక, గుర్తు ఉంటే షెడ్యూలర్‌ను పిలుస్తారు.

కెర్నల్ మోడ్‌లో ఉండగా వస్తేనే అసలు సమస్య. ఒక ప్రాసెస్ స్పిన్‌లాక్ పట్టుకొని ఉందనుకోండి. అదే సమయంలో దాన్ని ఆపి, ఎక్కువ ప్రాధాన్యం గల మరో ప్రాసెస్‌ను నడిపించాం. దానికీ అదే లాక్ కావాలి. అది లాక్ కోసం తిరుగుతూనే ఉంటుంది. లాక్ వదలవలసిన మొదటి ప్రాసెస్‌కు ప్రాసెసర్ దొరకదు. ఒకే ప్రాసెసర్ ఉంటే యంత్రం బిగుసుకుపోతుంది.

జనగామ, మహబూబాబాద్ మీదుగా రైల్లో తిరిగేవారికి ఇది కొత్త కాదు. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందని గూడ్సును రెండు స్టేషన్ల నడుమ ఆపితే, ఎక్స్‌ప్రెస్ కూడా దాని వెనకే నిలిచిపోతుంది. లూప్ లైన్ ఉన్న స్టేషన్ దాకా రానిచ్చి పక్కకు తప్పిస్తారు.

కెర్నల్‌లో ఆ స్టేషన్‌ను గుర్తించేది 'ప్రీఎంప్ట్ కౌంట్'. స్పిన్‌లాక్ తీసుకున్న ప్రతిసారీ ఇది ఒకటి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. తిరుగు దారిలో ఇది సున్నా అయితేనే ప్రాసెస్ మారుతుంది. లేకపోతే ఆగిన చోటికే తిరిగి వెళతారు. అభ్యర్థన మాత్రం పోదు. చివరి లాక్ వదిలి కౌంట్ సున్నాకు చేరగానే గుర్తును మళ్లీ చూస్తారు.

లినక్స్‌లో ఈ ఏర్పాటు మొదటి నుంచీ లేదు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌కు ముందు, కెర్నల్ మోడ్‌లో ఉన్న ప్రాసెస్ తానుగా వదిలితేనో, యూజర్ మోడ్‌కు తిరిగి వెళ్తేనో తప్ప మారేది కాదు. సర్వర్లకు అది పెద్ద లోపం కాదు. కానీ భూపాలపల్లి దగ్గరి చెల్పూరులో ఉన్నటువంటి థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ పీడనాన్ని కనిపెట్టి ఉండే యంత్రానికి సగటు వేగం చాలదు, ఆలస్యానికి హద్దు కావాలి. 2024లో 6.12 కెర్నల్‌లో చేరిన రియల్‌టైమ్ ప్రీఎంప్షన్ ఆ అవసరం కోసమే. అందులో చాలా స్పిన్‌లాక్‌లు, పట్టుకొని ఉండగానే ప్రాసెస్‌ను ఆపగలిగే లాక్‌లుగా మారతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ప్రీఎంప్ట్ కౌంట్ 2 ఉన్న ప్రాసెస్ ఒక లాక్ వదిలింది. గుర్తు పెట్టి ఉంది. ఇప్పుడు షెడ్యూలర్‌ను పిలుస్తారా? ఎందుకు?